పదకొండు పెళ్లిళ్ల పంతులు నూకరాజు వీలునామా

న్యూజెర్సీ రాష్ట్రం, హైలాండ్స్ ఊళ్లో, రేవు వీధిలోని చిన్న ఇంట్లో కాపురముంటూ, అందరిచేతా ఓరుగంటి యజ్ఞనారాయణ గారని పిలిపించుకుంటున్న, ఎనభై ఏళ్లు నిండిన నేను, తెలివిలో ఉండి, గుండెకు డాక్టరిచ్చిన మూడు మాత్రలు తప్ప మరే మందూ పుచ్చుకోకుండా, ఒకరి బలవంతం గాని బెదిరింపు గాని లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా. బెదిరింపు లేదని రాశాను, భయం లేదని రాయలేదు. ఈ నాలుగు వరుసలు రాసేలోపే రెండుసార్లు లేచి వీధి తలుపు గడియ చూసి వచ్చాను.

1969లో నా భార్య లూసిల్ బతికుండగా రాసిన పాత వీలునామాను దీంతో రద్దు చేస్తున్నాను. సొంత చేతిరాతతో ఉంటే ఈ రాష్ట్రంలో ఏ భాషలో రాసినా చెల్లుతుందని మా లాయరు చెప్పాడు. ఇంగ్లీషులో రాస్తే ఆయన ఆఫీసులో టైపు కొట్టే పిల్ల మొదట చదువుతుంది. అందుకని తెలుగు.

నా ఆస్తిపాస్తులు పంచిపెట్టే భారం పార్సిప్పనీలో ఉంటున్న డాక్టర్ రాజగోపాల్ గారి మీద పెడుతున్నాను. ఆయన నాకు బంధువు కారు. పదకొండేళ్లుగా పండగకీ పబ్బానికీ నన్ను కారెక్కించుకుని తీసుకెళ్లి, అన్నం పెట్టి, మళ్లీ దింపిన మనిషి.

1. నా పేరు. నా పేరు యజ్ఞనారాయణ కాదు. నేను కోరంగి దగ్గర సముద్రం మీద వేటకు వెళ్లే ఇంట పుట్టిన మైలపల్లి నూకరాజుని. ఈ మాట యాభై ఆరేళ్ల తరవాత మొదటిసారి రాస్తున్నాను. రాసి, అరచేత్తో కాసేపు మూసిపెట్టుకున్నాను, గదిలో ఎవరూ లేకపోయినా.

2. ఈ కాగితం నేను పోయిన ఆరు నెలల వరకూ ఎవరూ విప్పకూడదు. ముఖ్యంగా రాజగోపాల్ గారి భార్య జానకీదేవి గారి కంట పడకూడదు. ఎందుకో ముందు ముందు తెలుస్తుంది.

3. ఇల్లు. ఇంటిమీద సర్వహక్కులూ లూసిల్ అక్క కూతురు, నెవార్క్‌లో నర్సుగా పనిచేస్తున్న డోరతీకి చెందాలి. లూసిల్ నల్లవాళ్ల పిల్ల. నన్ను చేసుకున్నందుకు వాళ్ల చర్చి వాళ్లు నాలుగేళ్లు మాట్లాడలేదు. నా అసలు పేరు తెలిసిన ఒకే ఒక్క మనిషి ఆమె. కోపమొస్తే 'నూకా' అని పిలిచేది. 1971లో ఆమె పోయాక ఆ పేరుతో నన్ను తిట్టేవాళ్లు కూడా లేకుండా పోయారు. డోరతీకి ఒక మనవి: వంటింటి కిటికీకి ఆమె కుట్టిన తెరలు ఇంకొక్క ఏడాది ఉంచు.

4. పడవ. షెడ్డులో బోర్లించి ఉన్న పాత పడవ హైలాండ్స్ జాలర్ల సంఘానికి ఇవ్వాలి. దాని అడుగున రెండో చెక్క ఒకటుంది. దాన్ని ఎత్తితే ముప్ఫై గోనె సంచులు పట్టే చోటు కనిపిస్తుంది. చూసి నోరెళ్లబెట్టకండి. సారా నిషేధం రోజుల్లో ఈ ఊళ్లో సగం పడవలకు ఆ చోటు ఉండేది.

నేను ఏ పని చేసి బతికానో ఇక్కడే చెప్పెయ్యాలి. 1923లో ఓడ కళాసీగా వచ్చి, హోబోకెన్ రేవులో ఓడ దిగి మళ్లీ ఎక్కలేదు. పన్నెండు మైళ్ల అవతల లంగరేసిన ఓడల నుంచి విస్కీ దించి, తీరం కాపలా వాళ్ల కళ్లుగప్పి ఒడ్డుకు చేర్చే ముఠాలో చేరాను. ఇక్కడి కుర్రాళ్లు మంచులో దారి తప్పి ఇసుక మేటల మీద కూలబడేవారు. కోరంగి మడ అడవుల్లో గెడ వేసిన చేతులు నావి. గెడ కింద నేల తగిలే తీరును బట్టి ఎక్కడున్నానో చెప్పేవాణ్ణి. ఆ ఒక్క విద్యతో నాలుగేళ్లలో ముఠా నాయకుడి కుడిపక్క కుర్చీకి వచ్చాను. తుపాకీ కట్టుకు తిరిగాను. ఒకడి చెయ్యి విరగ్గొట్టాను. వాడు చెయ్యి పట్టుకుని తన తల్లి పేరు పిలిచాడు. ఆ తరవాత ఇంకెవరి చెయ్యీ విరగ్గొట్టలేదు. తుపాకీ షెడ్డులో లేదు, వెతక్కండి, ఎప్పుడో నీళ్లపాలైంది.

మా గురించి సినిమాలు తీయరు. 1931లో నన్ను పట్టుకున్నప్పుడు పేపర్లో పడింది నాలుగంటే నాలుగు వరుసలు, అందులోనూ 'హిందూ నేట్ అనే మెక్సికన్' అని రాశారు. నేట్ అన్నది ఈ తీరంలో అందరూ నన్ను పిలిచే పేరు. పద్నాలుగు నెలలు జైల్లో ఉన్నాను. తరవాత పౌరసత్వం ఫారం నింపినప్పుడు ఆ పద్నాలుగు నెలలు రాయలేదు. ఇప్పటికీ ప్రభుత్వం కవరు ఏది వచ్చినా, కరెంటు బిల్లయినా, ఒక పూటంతా విప్పకుండా బల్లమీద పెడతాను.

5. టామీ ఫెరాంటే సంతానానికి నా ఆస్తిలో పూచికపుల్ల కూడా చెందదు. టామీ మా నాయకుడు. 1930లో సరుకు దొరక్క, కట్టెల నుంచి తీసే స్పిరిట్‌లో రంగు కలిపి స్కాచ్ సీసాల్లో పోయించాడు. ఇద్దరు పోయారు. కీపోర్టులో ఎమ్మెట్ అనే మంగలికి రెండు కళ్లూ పోయాయి. కలిపింది టామీ. సీసాలమీద లేబుళ్లు అంటించింది నేను. లోపల ఏముందో తెలిసి అంటించాను.

ఎమ్మెట్ కళ్లు పోయాక కూడా చేత్తో తడుముకుని గడ్డాలు గీసేవాడు. ఊళ్లో చాలామంది భయపడి మానేశారు. నేను ఇరవై ఆరేళ్లు వారం వారం వెళ్లి అతని కుర్చీలో కూర్చున్నాను. కత్తి నా గొంతు మీద ఆనించి, "నేట్, నీ ఒక్కడికే నామీద నమ్మకం" అనేవాడు. చెబుదామని ప్రతివారం అనుకుని వెళ్లేవాణ్ణి. 1958లో పోయాడు. చెప్పలేదు.

6. సమాధి రాయి. ఇక్కడికి ఆరు మైళ్లలో, దిక్కులేనివాళ్లను పూడ్చే శ్మశానంలో, వెనక వరసలో 'ఎం. నూకరాజు, 1927' అని ఒక రాయి ఉంది. దాన్ని పెట్టించింది నేనే. దాని కింద ఉన్నది నేను కాదు. ఓరుగంటి యజ్ఞనారాయణ.

ఆయన రాజమండ్రి వైపు బ్రాహ్మణ పిల్లవాడు. న్యూయార్కులో చదువుకోవడానికి వచ్చి, చదువు మధ్యలో ఆగిపోయి, హోబోకెన్‌లో ఒక హోటలు వెనక గిన్నెలు తోమేవాడు. ఆ సందులో నడుస్తుంటే "ఓరి నీ దుంప తెగ!" అని ఎవరో ఒక గంగాళాన్ని తిట్టడం వినిపించింది. దేశం కాని దేశంలో ఆ తిట్టు వింటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆనాటి నుంచి నాతోపాటు హైలాండ్స్ వచ్చేశాడు, ఒకే గదిలో ఉన్నాం. మిషను బడిలో సగం నేర్చిన నా అక్షరాలు ఆయనే దిద్దించాడు. నాలుగేళ్లు రోజూ పొద్దున్న పడవల షెడ్డులో సంధ్య వార్చుకునేవాడు. పనిలేని రోజుల్లో పెళ్లి మంత్రాలు, పుణ్యాహవాచనం రాగం తీసి చదివేవాడు, మరిచిపోతానేమోనని భయం. నేను వల బాగుచేసుకుంటూ వినేవాణ్ణి. విని విని నాకూ వచ్చేశాయి. తప్పు పలికితే నవ్వి దిద్దేవాడే కాని, నువ్వు పలకకూడదని ఒక్కనాడూ అనలేదు.

నవంబరు 1927లో, మంచు కురిసే ఒక పొద్దున, మనిషి తక్కువై ఆయన్ను పడవలోకి రమ్మన్నాను. సంచులు అందిస్తే చాలన్నాను. కాపలా పడవ ఎదురైంది. "ఆపెయ్యి నూకరాజూ, ఆపెయ్యి" అన్నాడు. నేను ఆపలేదు. ఈ మేటలన్నీ నాకు తెలుసు, నన్నెవడు పట్టుకుంటాడన్న పొగరు. తూటా ఆయనకు తగిలింది. ఒడ్డుకు చేర్చేసరికి ప్రాణం లేదు.

అప్పటికి నూకరాజు మీద వారంటు ఉంది. యజ్ఞనారాయణ దగ్గర చదువుకోవడానికి వచ్చిన కాగితాలున్నాయి. నా ఓడ కార్డు ఆయన జేబులో పెట్టాను. ఆయన కాగితాలు నా జేబులో పెట్టుకున్నాను. ఒక్క నిమిషం పట్టింది. నూకరాజు చచ్చాడని పోలీసులు రాసుకున్నారు. నిప్పు పడాల్సిన మనిషిని, నీళ్లు వదిలేవాళ్లు లేకుండా, నా పేరుతో మట్టిలో పెట్టారు. 1946లో వాళ్ల ఇంటికి ఉత్తరం రాశాను. చిరునామాదారు లేరని తిరిగొచ్చింది. అప్పుడు ఏడ్చాను, దాంతోపాటు గుండెలమీంచి బరువు దిగినట్టూ అయింది. రెండోదానికే ఎక్కువ సిగ్గుపడుతున్నాను.

ఆ రాయిమీద పేరు మార్పించి, ఆయనకు జరగవలసినవి జరిపించాలి. అందుకయ్యే ఖర్చు నా సొమ్ములోంచి అన్నిటికన్నా ముందు తీయాలి. ఆయనది కౌండిన్యస గోత్రం.

7. పంతులు పదవి. ఇది నేను అడిగి తెచ్చుకున్నది కాదు, వద్దన్నదీ కాదు. 1972లో పార్సిప్పనీలో తెలుగువాళ్లు కలిశారని తెలిసి, భాష వినాలనిపించి బస్సెక్కి వెళ్లాను. లూసిల్ పోయి అప్పటికి ఏడాది. పేరు చెప్పగానే రాజగోపాల్ గారు గోత్రం అడిగారు. నోటికి యజ్ఞనారాయణ గోత్రమే వచ్చింది. అంతే. "అయ్యో, ఇన్నాళ్లు ఎక్కడున్నారండీ! మా గృహప్రవేశానికి పంతులు దొరక్క టేపు పెట్టుకుందామనుకుంటున్నాం" అన్నారు. అమెరికా అంతా వెతికినా పురోహితుడు దొరకని రోజులు. పీటమీద కూర్చోబెట్టి పుస్తకం చేతికిచ్చారు. పుస్తకం అక్కర్లేకుండా చదివాను. అందరూ దండం పెట్టారు. ఈ దేశంలో దాదాపు యాభై ఏళ్లుగా నాకెవరూ దండం పెట్టలేదు. మా ఊళ్లోనూ ఎవరూ పెట్టలేదు. ఇంటికొచ్చి లూసిల్ కుట్టుపెట్టెలోని నూలు పేనుకుని జంధ్యం వేసుకున్నాను.

పేరు పెద్ద ఊరు దిబ్బ అంటారు. నా విషయంలో ఆ పేరు కూడా నాది కాదు.

8. పెళ్లిళ్లు. ఇప్పటికి పదకొండు చేయించాను. జంటల పేర్లు, తేదీలు వేరే కాగితం మీద రాసి దీనికి జతపరిచాను. అమెరికాలో ముహూర్తాలన్నీ శనివారమే పడతాయి కనక తేదీలు గుర్తుపెట్టుకోవడం కష్టం కాలేదు. పదకొండు పెళ్లి లైసెన్సుల మీదా చనిపోయిన మనిషి పేరుతో సంతకం పెట్టాను. 'ఒక స్నేహితుడి సంగతి' అని చెప్పి లాయర్ని అడిగాను. జంట నమ్మకంతో చేసుకుంటే పెళ్లి నిలుస్తుందన్నాడు. ఆ వెంటనే, 'పుస్తకాలు చూసి చెప్పాలి' అన్నాడు. ఆ రెండో మాట పట్టుకుని మూడు వారాలుగా కుడితిలో పడ్డ ఎలుకలా కొట్టుకుంటున్నాను. మంత్రం చెల్లిందా? సంతకం చెల్లిందా? ఏదో ఒకటైనా చెల్లిందా?

నళిని, జగన్మోహన్‌ల పెళ్లిలో హోమం పొగకి హాల్లో అలారం మోగి ఫైరింజన్ వచ్చింది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, సైరన్ వినగానే నేను పెళ్లికూతుర్నీ పెళ్లికొడుకునీ పీటలమీద వదిలేసి వెనక తలుపులోంచి బయటపడ్డాను. కార్ల మధ్యన నక్కి కూర్చున్నాను. పావుగంటకి తిరిగొస్తే, నేను వెళ్లి ఫైరు వాళ్లతో మాట్లాడి పంపించేశానని అందరూ మెచ్చుకున్నారు. ఒక్క జానకీదేవి గారు మాత్రం నా మోకాళ్లకు అంటిన మట్టివైపు చూశారు.

ఆవిడ చూపంటే నాకు దడ. ఆచారం బాగా తెలిసిన మనిషి. ఒకసారి అందరిముందూ, "పంతులుగారూ, మీరు స్వస్తి చెప్పేటప్పుడు పడవ తోస్తున్నట్టు ఊగుతారేంటండీ?" అన్నారు. అందరూ నవ్వారు. వయసులో నాకు కూతురంతది, ఆవిడ వస్తుంటే కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను.

9. పంచపాత్ర, ఉద్ధరిణి. ఇవి యజ్ఞనారాయణవి. ఆయన వాళ్లెవరైనా దొరికితే వాళ్లకివ్వాలి. దొరక్కపోతే రాజగోపాల్ గారి అమ్మాయి జయంతికి. పదేళ్లప్పుడు పలకమీద దాని చేత 'ఓం నమః' దిద్దించినప్పుడు తీర్థం వీటితోనే ఇచ్చాను. తీర్థం తాగి "ఇట్ టేస్ట్స్ లైక్ పెన్నీస్, తాతగారూ" అంది. నాకు పిల్లలు లేరు. పిల్లలుంటే ఎలా ఉంటుందో ఆ పిల్ల వల్ల కొంత తెలిసింది.

10. రెండో అంశం గురించి. జయంతి పెళ్లి ఈ నెల 28న. పెళ్లికొడుకు ఉదయ్ సన్నీవేల్‌లో ఇంజనీరు, బుద్ధిమంతుడు. ఇప్పుడు న్యూయార్కులో గుడి ఉంది, చదువుకున్న పురోహితులున్నారు. వాళ్లను పిలవమని నేనే చెప్పాను, గుండె బాగాలేదని వంక పెట్టాను. జయంతి ఫోను చేసింది. "మీరు చేయకపోతే ఐ యామ్ నాట్ గెటింగ్ మారీడ్, అంతే" అంది. పెళ్లి చేయించేసి, నేను పోయాక ఈ కాగితంతో అందరికీ తెలిసేలా చేద్దామని రెండో అంశం రాశాను. అప్పటికి నేనుండను, ఎవరి మొహమూ చూడక్కర్లేదు. తెలివైన ఏర్పాటే అనుకున్నాను.

ఐదో అంశం రాసిన తరవాత ఆ తెలివి మీద నాకే అసహ్యమేసింది. లోపల ఏముందో తెలిసీ పైన ఇంకో పేరు అంటించి ఇవ్వడం నేను ఒకసారి చేశాను. పదకొండు జంటలకు మళ్లీ అదే చేశాను. పన్నెండోసారి, ఆ పిల్లకి చేయలేను. పుచ్చుకునేవాళ్లకు ముందు తెలియాలి. తెలిశాక వద్దంటారా, అది వాళ్ల ఇష్టం.

కనక రెండో అంశాన్ని కొట్టివేస్తున్నాను. సాక్షి సంతకానికి పార్సిప్పనీ నుంచి శ్రీధర్ అనే కుర్రాణ్ణి రమ్మన్నాను. అతను చదవకుండా సంతకం పెట్టే మంచివాడు. అతన్ని రావద్దని చెప్పాను. ఈ ఆదివారం రాజగోపాల్ గారినీ, జానకీదేవి గారినీ రమ్మన్నాను. మొదటి వరుస నుంచి చివరి వరుస దాకా చదివాకే వాళ్లు సాక్షి సంతకం పెట్టాలి. చదివి సంతకం పెట్టకుండా వెళ్లిపోయినా నాకు అభ్యంతరం లేదు. సాక్షులకు ఆస్తి రాయకూడదట. అందుకని వాళ్లిద్దరికీ నేనిచ్చేది ఏమీ లేదు, ఈ నిజం తప్ప.

జయంతి పెళ్లికి న్యూయార్కు పంతుల్ని పిలిస్తే నేను పీటల దగ్గరికి రాను. వెనక వరసలో కూర్చోనిస్తే వస్తాను. తలంబ్రాలు పడేటప్పుడు నాలుగు అక్షింతలు వేసి వెళ్లిపోతాను. మిగతా పదకొండు జంటలకూ ఎప్పుడు, ఎలా చెప్పాలో రాజగోపాల్ గారే నిర్ణయించాలి. వాళ్లందరికీ నా క్షమాపణ. చెప్పిన ప్రతి మంత్రం యజ్ఞనారాయణ దగ్గర విన్నది విన్నట్టే చెప్పాను. ఆ ఒక్క సరుకులో ఏదీ కలపలేదు.

ఇప్పుడు వీధిలో వాళ్ల కారు ఆగింది. ఆవిడ ముందు దిగారు. అక్షరాలు వంకరగా ఉంటే అది వయసు వల్ల కాదు.

తేదీ: 15 మే 1983, ఆదివారం. హైలాండ్స్, న్యూజెర్సీ.

(సంతకం) మైలపల్లి నూకరాజు
ఇంతకాలం ఓరుగంటి యజ్ఞనారాయణగా చలామణీ అయినవాడు

మొదటి సాక్షి: పూర్తిగా చదివాను. మా ఎదుటే సంతకం చేశారు. ఇందులో పెట్టిన బాధ్యతలు ఒప్పుకుంటున్నాను.
(సంతకం) డాక్టర్ రాజగోపాల్, పార్సిప్పనీ

రెండో సాక్షి: సంతకం ఒక్కటి పెడితే చాలని మావారు అంటున్నారు. నాకలా కుదరదు. ఇది నేను రెండుసార్లు చదివాను. రెండోసారి కార్లో కూర్చుని చదివాను, ఈయన మొహం చూస్తూ చదవలేకపోయాను. పదకొండేళ్లు మా ఇంట్లో పీటమీద కూర్చుని మాకు అబద్ధం చెప్పారు. కోపం వచ్చింది. ఇంకా ఉంది. ఈయన వంటింట్లోంచే జయంతికి ఫోన్ చేసి చెప్పాను. అది అంతా విన్నది. తర్వాత, "మమ్మీ, ప్రోగ్రామ్ షీట్ ప్రింట్‌కి ఇచ్చేశావా? తాతగారి నేమ్ చేంజ్ చేయాలి కదా" అంది. అవతల ఉదయ్ వాళ్లతో మావారు మాట్లాడతారు. లైసెన్సు మీద మా ఊరి మేయర్ చేత సంతకం పెట్టిస్తాం. యజ్ఞనారాయణ గారి పనులు పెళ్లయ్యాక నేనే దగ్గరుండి చేయిస్తాను. న్యూయార్క్ గుడికి ఫోన్ చేయడం లేదు. 28న పొద్దున్న ఎనిమిదింటికి కారు వస్తుంది, నూకరాజు గారు తయారుగా ఉండాలి.
(సంతకం) జానకీదేవి, పార్సిప్పనీ